గ్రహణానికున్న భయం ఎండకి లేదేం?

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మర్నాడు పొద్దున స్టాండప్ మీటింగుకి మా టీమ్‌లో ఒకతను కళ్ళు ఎర్రగా, జుట్టు రేగిపోయి వచ్చాడు. ప్రొడక్షన్‌లో ఏమన్నా తగలబడిందేమో అని కంగారుపడ్డాం. అదేం కాదట. వాళ్ళావిడకి ఆరోనెల. గ్రహణం విడిచేదాకా, అంటే రాత్రి ఒంటిగంటన్నర దాకా, కిటికీలకి దుప్పట్లు కట్టి, ఆవిడ కదలకుండా, కత్తీ కత్తెరా ముట్టుకోకుండా కాపలా కాశాడట. ఊర్నుంచి వాళ్ళమ్మ గంటకోసారి ఫోను. పక్క ఫ్లాటు ఆంటీ ముందురోజే వచ్చి దర్భలిచ్చి మరీ వెళ్ళిందట. బీటెక్కూ, ఆ పైన ఎమ్మెస్సూ చదివినవాడు. "నమ్మకమని కాదు బాస్, ఎందుకొచ్చిన రిస్కు" అన్నాడు.

నవ్వొచ్చినా నవ్వలేదు. ఎందుకంటే అదే మనిషి, అదే ఏడాది మే నెలలో, ఆవిడకి రెండోనెలప్పుడు, మధ్యాహ్నం రెండింటికి బండి వెనకాల కూర్చోబెట్టుకుని స్కానింగుకి తీసుకెళ్ళాడు. సాయంత్రం క్లయింట్ కాల్ ఉంది, ఆ స్లాట్ అయితే కుదరదు, అదీ కారణం. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుకుంటూ ముప్పావుగంట ప్రయాణం. అప్పుడు మాత్రం "ఎందుకొచ్చిన రిస్కు" అని అతనికీ అనిపించలేదు, ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకీ అనిపించలేదు, పక్క ఫ్లాటు ఆంటీకీ అనిపించలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు అతను పర్మిషన్ అడిగితే "కాల్ టైముకి మాత్రం వచ్చెయ్" అన్న నాకూ అనిపించలేదు.

గ్రహణం వల్ల కడుపులో బిడ్డకి అయ్యేదేమీ లేదు. ఎండ వల్ల అవుతుంది. ఇది నా అభిప్రాయం కాదు, కొలిచి చూసిన సంగతి. అలాగని నేను మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వబోవట్లేదు (ఆ కుస్తీ మనవాళ్ళు ఎప్పట్నుంచో పడుతూనే ఉన్నారు, పడనివ్వండి). గ్రహణంలో నాకు కనబడ్డ విశేషం వేరే ఉంది. గ్రహణం రోజు గర్భిణికి ఎవరూ "అవగాహన" కల్పించరు. ఒక కరపత్రం చేతిలో పెట్టి, ఇక నీ జాగ్రత్త నువ్వు చూసుకో తల్లీ అనరు. మొగుడు, అత్తగారు, పక్కింటివాళ్ళు, తలా ఒక పని నెత్తినేసుకుంటారు. తలుపులు వాళ్ళే మూస్తారు. వంట వాళ్ళే ముందుగా ముగిస్తారు. తప్పుడు స్పెసిఫికేషన్‌కి నూటికి నూరుశాతం ఇంప్లిమెంటేషన్! ఎండ దగ్గరికొచ్చేసరికి సరిగ్గా తిరగేశాం. స్పెసిఫికేషన్ సరైనదే. అమలు చేసే బాధ్యత మాత్రం మొత్తం ఆ కడుపుతో ఉన్న మనిషి మీదే.

ఈ అవగాహన ఎలా కల్పిస్తారో దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది. 2024 ఏప్రిల్ చివర్లో, నేను అప్పట్లో పనిచేసే కంపెనీ వాళ్ళు (పేరొద్దులెండి) సామాజిక బాధ్యత పద్దు కింద "వాతావరణ మార్పులు, గర్భిణుల ఆరోగ్యం" అని ఒక సదస్సు పెట్టారు. హైదరాబాదు శివార్లలో ఒక బస్తీ. వాలంటీర్లు కావాలంటే చెయ్యెత్తాను. శుక్రవారం ఆఫీసు ఎగ్గొట్టొచ్చని, అబద్ధమెందుకు. పదకొండింటికి అన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండుంపావు. అప్పటిదాకా ముప్ఫైమంది దాకా గర్భిణులు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఉడికిపోతూ కూర్చున్నారు. పెడస్టల్ ఫాన్లు రెండుంటే రెండూ స్టేజీ వైపే తిరిగున్నాయి. పీపీటీలో మొదటి స్లైడు ధ్రువపు ఎలుగుబంటి. రెండోది కరుగుతున్న మంచుకొండ. మూడోది గ్రాఫు. ఎనిమిదో తొమ్మిదో స్లైడుకి గానీ గర్భిణి రాలేదు, వచ్చినామె కూడా తెల్లమ్మాయి, యోగా మ్యాట్ మీద. ఆ తర్వాత సలహాలు. నీళ్ళు బాగా తాగండి, వదులుగా నూలు బట్టలు వేసుకోండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రాకండి. అప్పుడు టైము సరిగ్గా పన్నెండూ ముప్పావు :)

చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒకామె లేచింది. ఏడోనెలో ఎనిమిదోనెలో ఉంటుంది. అపార్టుమెంటు కడుతున్న చోట ఇటుకలూ ఇసకా అందించే పని. "నీళ్ళు తాగుమంటున్నరు సారూ, మంచిదే. తాగినంక యాడికి పోవాలె? ఆడ అంత మొగోళ్ళే ఉంటరు. పొద్దున ఇంట్ల పోయొస్తే మల్ల పొద్దుగూకినంకనే." స్టేజీ మీదాయన "చాలా మంచి ప్రశ్న" అన్నాడు. మంచి ప్రశ్నే. జవాబు మాత్రం రాలేదు. అందరికీ తలా ఒక గుడ్డసంచీ, ఒక మొక్కా ఇచ్చి, ఫోటో దిగి, మేం ఏసీ బస్సెక్కేశాం. ఆమె ఆ మొక్క పట్టుకుని ఎండలో నడిచెళ్ళడం బస్సు కిటికీలోంచి కనబడింది.

అప్పటికి మా ఆవిడకి ఆరోనెల నిండింది. ఇంకో రెండువారాలకి సీమంతం చేసి కొత్తగూడెం, వాళ్ళ పుట్టింటికి తీసుకెళ్ళారు. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా. కొత్తగూడెం ఎండల గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బొగ్గుగనుల ఊరు, మే నెల వస్తే రామగుండంతోనూ భద్రాచలంతోనూ పోటీపడి వార్తల్లోకెక్కుతుంది. మా అత్తయ్యగారూ మామయ్యగారూ కూతుర్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే మనుషులు. అందుకే ఇంట్లో ఉన్నవాటిల్లో మంచి గది, పైన కొత్తగా వేసిన గది ఇచ్చారు. సందడి ఉండదు, గాలొస్తుంది, ప్రశాంతంగా పడుకుంటుందని. ఆ గది నెత్తిన ఉన్నది ఒట్టి స్లాబు. పగలంతా కాగిన స్లాబు రాత్రి తెల్లవార్లూ ఆ వేడిని కిందికి వదుల్తూనే ఉంటుంది. (ఇంజనీరింగులో హీట్ ట్రాన్స్‌ఫర్ అనే సబ్జెక్టు ఉంటుంది. నేను మెకానికల్ చదివి సాఫ్టువేర్లోకొచ్చిన బాపతే. ఆ సబ్జెక్టు మంచి మార్కులతోనే పాసయ్యాను. సామాను పైకి మోసింది కూడా నేనే. తట్టలేదు.) బాత్రూం కింద. మెట్లు బయటనుంచి.

ఐదోరోజు అర్ధరాత్రి ఫోను. నేను హైదరాబాదులో ఉన్నాను. పొట్ట గట్టిపడుతోందట, పది పన్నెండు నిమిషాలకోసారి. లెక్కప్రకారం ఇంకా పదకొండు వారాలుంది. దగ్గర్లో ఉన్న నర్సింగుహోంకి తీసుకెళ్తే డాక్టరుగారు చూసి, ఒంట్లో నీరు తగ్గిపోయిందని సెలైన్ ఎక్కించి, "చదువుకున్నదానివి, నీళ్ళు తాగాలని ఆ మాత్రం తెలీదా అమ్మా" అని కోప్పడ్డారు. తెల్లారేసరికి తగ్గింది. మా అదృష్టం బాగుంది, పాప నెలలు నిండాకే పుట్టింది. ఇప్పుడు నా కీబోర్డు మీద బటన్లు పీకుతుంటుంది.

ఆ పొద్దున మొదటి బస్సుకి వెళ్ళి నేనూ అదే ప్రశ్న వేశాను, నీళ్ళెందుకు తాగలేదని. కాసేపు నా మొహంలోకి చూసి, "తాగితే రాత్రి నాలుగైదుసార్లు ఆ మెట్లు దిగాలి. కరెంటు పోతే కాలు జారుతుందేమోనని భయం. ప్రతిసారీ అమ్మని లేపాలి. అందుకని సాయంత్రం ఆరు తర్వాత మానేశా" అంది. మా ఆవిడ కూడా సాఫ్టువేరే. ఫోన్లో మూడు యాపులున్నాయి, రెండేసి గంటలకోసారి గ్లాసు బొమ్మ చూపించి తాగు తాగు అంటాయి. అవగాహన తక్కువై తాగలేదా? ఇటుకలు మోసే ఆమెది ఏ జవాబో మా ఆవిడదీ అదే జవాబు. ఒకామెకి సైట్లో మరుగుదొడ్డి లేదు, ఒకామెకి మేడ మీద లేదు. మధ్యాహ్నం నేనూ మా బావమరిదీ కలిసి మంచం కింద హాల్లోకి దింపాం. పావుగంట పట్టింది.

అసలు వేడికి ఒంట్లో ఏం జరుగుతుందంటే, చల్లబడ్డం కోసం శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్ళిస్తుంది. అప్పుడు మాయకి వెళ్ళే రక్తం తగ్గొచ్చు. చెమటలో నీరు పోయేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది, గర్భసంచి ముడుచుకోవడం మొదలవ్వొచ్చు. పైగా కడుపులో బిడ్డకి తన వేడి బయటికి పంపుకోడానికి వేరే దారి లేదు, తల్లి ద్వారానే పోవాలి. ఇంజన్లు రెండు, రేడియేటర్ ఒకటి. గాంబియాలో పొలం పనులు చేసే 92 మంది గర్భిణుల్ని పనిలో ఉండగానే కొలిచి చూశారు, 2022లో వచ్చిన అధ్యయనం. వేడి ఒత్తిడి ఒక డిగ్రీ పెరిగితే బిడ్డ ఇబ్బంది పడుతున్న గుర్తులు కనబడే అవకాశం 17 శాతం పెరిగింది. తల్లి మీద పడ్డ ఒత్తిడిని లెక్కలోంచి పక్కన పెట్టినా ఆ సంబంధం పోలేదు. అంటే "నాకేం, బానే ఉన్నాను" అని ఆమె నిజాయితీగా చెప్పినా, లోపలివాళ్ళ సంగతి వేరేగా ఉండొచ్చు.

2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 27 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూశారు. ఒక్క డిగ్రీ పెరిగితే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం 5 శాతం, వడగాడ్పుల రోజుల్లో 16 శాతం ఎక్కువ. బిడ్డ కడుపులోనే పోయే అవకాశం కూడా డిగ్రీకి 5 శాతం చొప్పున పెరిగింది. ఐదు శాతమేనా అంటారేమో. మన దేశంలో ఏడాదికి రెండు కోట్ల పైన కాన్పులు. మన సర్వీసులో ఎర్రర్లు 16 శాతం పెరిగితే రాత్రి రెండింటికి మనల్ని లేపి కూర్చోబెడతారు, రూట్ కాజ్ రాసిచ్చేదాకా వదలరు. ఇంకాస్త దగ్గరికొస్తే, చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ వాళ్ళు తమిళనాడులో 800 మంది గర్భిణుల్ని గమనించారు. దాదాపు సగం మంది పరిమితి దాటిన వేడిలో పనిచేస్తున్నవాళ్ళే. వాళ్ళలో గర్భస్రావం ముప్పు మిగతావాళ్ళకన్నా రెండింతలు. తమిళనాడు పల్లెల్లో పనిచేసే ఎండ పల్నాడులోనో నల్గొండలోనో పనిచెయ్యదనుకోవడానికి కారణం కనబడదు.

"మా అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇదే ఎండలో నాట్లేసి, గట్టు మీద కని, మళ్ళీ పొలంలోకి దిగారు" అనే పెద్దమనిషి ప్రతి చర్చలోనూ ఒకడు తయారవుతాడు. మా నాయనమ్మకి పదకొండు కాన్పులు. మిగిలింది అయిదుగురు. మిగతా ఆరుగురు ఎందుకు పోయారో ఆవిడకే తెలీదు, ఎవరూ చెప్పలేదు, ఎవరూ రాయలేదు. మీ నాయనమ్మని కూడా ఒకసారి అడిగి చూడండి. ఇక ఎండలు ఎప్పుడూ ఉన్నవేగా అంటే, ఉన్నవే. కానీ కొలతలు మొదలుపెట్టాక భూమ్మీద అన్నిటికన్నా వేడి ఏడాది 2024. నాయనమ్మ రాత్రిళ్ళు ఆరుబయట నులకమంచం మీద పడుకునేది. మనం రాత్రి కూడా చల్లబడని కాంక్రీటు పెట్టెల్లో పడుకుంటున్నాం.

రాయకపోవడం అన్నాను కదా, ఇప్పుడూ అంతే. 2015 మే నెల వడగాడ్పులకి దేశంలో రెండువేల మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మన ఆంధ్రా తెలంగాణా వాళ్ళే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షలు అంది. మంచి పనే. కానీ ఎనిమిదోనెలలో కడుపులోనే పోయిన బిడ్డ ఈ లెక్కల్లో ఎక్కడుంది? ఆ తల్లికి వడదెబ్బ తగల్లేదు. ఆసుపత్రి కాగితంలో ఎండ అనే మాటే ఉండదు. లాగ్స్ లేని చోట బగ్ లేదనుకోవడం మన వృత్తిలో అయితే నేరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి కలిసి, వాతావరణ మార్పుల మీద చేసే ప్రయత్నాల్లో గర్భిణుల్నీ పసిపిల్లల్నీ వదిలేశారని గట్టిగా చెప్పింది కూడా 2023 నవంబరులో.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. 2010 మే నెలలో అహ్మదాబాదులో 46.8 డిగ్రీలు కొట్టింది. అక్కడ ఏసీ లేని ఒక ఆసుపత్రిలో ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో 24 మంది పురిటికందుల్ని వేడి వల్లే ఐసీయూలో చేర్చాల్సొచ్చింది. అంతకుముందు ఏడాది అవే నెలల్లో 8 మంది. ఎందుకా అని చూస్తే బాలింతల వార్డు ఉన్నది పై అంతస్తులో, ఎండకి కాగే కప్పు కింద. ఆ తర్వాత వార్డుని కిందికి మార్చారు. 2011లో అవే మూడు నెలల్లో చేరినవాళ్ళు 4. సరే, 2011లో ఎండలు కూడా తగ్గాయి, ఆ తేడాని లెక్కలోంచి తీసేసి చూసినా వార్డు కిందికి దింపడం వల్ల మేలు జరిగిందనే తేలింది. గమనించండి, ఎవరూ బాలింతలకి సదస్సు పెట్టలేదు. "అమ్మా, పసిబిడ్డల మీద వాతావరణ మార్పుల ప్రభావం తెలుసుకోండి" అని పీపీటీ వెయ్యలేదు. మంచాలు కిందికి దింపారు. నేను ఇది చదివింది కొత్తగూడెం సంగతి జరిగిన ఆర్నెల్లకి. ముందే చదివుంటే బావుండేది, ఏం చేస్తాం.

మరి గర్భిణికి చెప్పాల్సిందేమీ లేదా అంటే ఉంది, బోలెడంత కాదు. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపించినా, పొట్ట పదేపదే గట్టిపడుతున్నా, విపరీతమైన తలనొప్పీ కళ్ళు బైర్లు కమ్మడం ఉన్నా, రేపు చూద్దాంలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఒంట్లో నీళ్ళు చాలట్లేదని. అంతే, అరపేజీ. ఎలుగుబంటి అక్కర్లేదు.

మిగతా తొంభై పాళ్ళు చెప్పాల్సింది వేరేవాళ్ళకి. మొగుడికి చెప్పాలి, స్కానింగు పొద్దున ఎనిమిదింటి స్లాట్ దొరక్కపోతే నువ్వు లీవు పెట్టు, ఆవిడని బండెక్కించకు అని. అత్తగారికి చెప్పాలి, ఏప్రిల్ మే నెలల్లో పన్నెండింటికి పొయ్యి దగ్గర నిలబెట్టకండి అని. మేస్త్రీకి కాదు, మేస్త్రీకి డబ్బులిచ్చే బిల్డరుకి చెప్పాలి, తలుపూ గొళ్ళెం ఉన్న మరుగుదొడ్డి, నీడ, మధ్యాహ్నం విరామం, విరామానికి కూలి కొయ్యకుండా. డాక్టరుకీ చెప్పాలి, "నీళ్ళు తాగట్లేదా" అని కోప్పడేముందు "బాత్రూం ఎక్కడుంది? ఏ అంతస్తులో పడుకుంటున్నావు?" అని రెండు ప్రశ్నలు వెయ్యమని.

ప్రభుత్వానికి కూడా. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. చాలా మంచి కార్యక్రమం. కానీ అదొక క్రాన్ జాబ్. జనవరి 9 అయినా మే 9 అయినా ఒకటే. వాతావరణ శాఖ వడగాడ్పుల హెచ్చరిక ఇచ్చినా, విపత్తుల సంస్థ మండలాలవారీగా మెసేజీలు పంపినా, ఆ డేటా ఈ జాబ్‌కి ఇన్‌పుట్‌గా వెళ్ళాలి కదా. ఎండాకాలం ఆ మూడు నెలలూ పొద్దున ఏడింటికే మొదలుపెట్టి పదింటికల్లా పంపించేస్తే ఎంత ఖర్చవుతుంది? చట్టం చూస్తే ఇంకా ఘోరం. కాన్పుకి ముందు ఆరువారాలు, దానికి ముందు ఇంకో నెల, ఆ కాలంలో గర్భిణితో బరువు పనీ ఎక్కువసేపు నిలబడే పనీ చేయించకూడదని 1961 ప్రసూతి చట్టంలో ఉండేది, దాన్నే 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ తెచ్చారు. ఒక్క షరతు, ఆమె అడిగితేనే. రోజుకూలీ మీద వచ్చే మనిషి, రేపు పనికి పిలుస్తాడో లేదో తెలీని మనిషి, అడగాలట!

మన మాటకొద్దాం. మనం ఏసీ ఇంట్లోంచి ఏసీ క్యాబులో ఏసీ ఆఫీసుకెళ్ళే జాతి, మనకెందుకు అనిపించొచ్చు. మనం ఈఎమ్ఐలు కడుతున్న ఫ్లాట్లకి ఇటుకలు మోసింది ఎవరు? పొద్దున మూడిళ్ళూ మధ్యాహ్నం రెండిళ్ళూ గిన్నెలు తోమే అమ్మాయికి ఆరోనెలైతే, రెండో ఇంటినుంచి మూడో ఇంటికి ఎండలో ఎలా వెళ్తోంది? అయిదిళ్ళలో ఒక్క ఇంట్లో అయినా బాత్రూం వాడనిస్తున్నామా? మా గేటెడ్ కమ్యూనిటీలో లిఫ్టు పక్కన బోర్డు ఉండేది, పనివాళ్ళు సర్వీసు లిఫ్టే వాడాలని. సర్వీసు లిఫ్టు నెలకి పదిరోజులు పనిచెయ్యదు. ఆ పదిరోజులూ వాళ్ళు మెట్లే.

పోయిన నెల అసోసియేషన్ మీటింగులో రెండు అడిగాను. ఆ బోర్డు తియ్యండి, క్లబ్‌హౌస్ కింద ఉన్న రెండు బాత్రూములు పనివాళ్ళకి తెరవండి అని. బోర్డు తీసేశారు, పెద్దగా గొడవేం కాలేదు. బాత్రూముల దగ్గరే ఆగింది. ముగ్గురు సరేనన్నారు. ఒకాయన "క్లీనింగ్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు" అన్నాడు. ఇంకొకాయన, గ్రహణం రోజు కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో గర్భిణులకి జాగ్రత్తలు పదమూడు పాయింట్లు పెట్టినాయన, "దానికన్నా వాళ్ళకో అవేర్‌నెస్ ప్రోగ్రాం పెడదాం, స్పాన్సర్ నేను పట్టుకొస్తా" అన్నాడు. ఓటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.